రంగనాథ రామాయణమున దైవము, పురుషకారము

నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను గ్రామమునకు నేడు జనులు విశేషముగా పోవునది శనైశ్చర దర్శనమునకు. కుమారునికి ఉద్యోగము కుదురకున్నను, కుమార్తెకు సంబంధము నిలువకున్నను, క్రొత్తగా పెట్టిన వ్యాపారము కూలినను, ఏలినాటి శని పట్టినదని జ్యోతిష్కుడు చెప్పగనే నల్లనువ్వులు, నూనె చేతబట్టుకొని బయలుదేరుదురు. నేనును పోయితిని. పరిహసించుటకు కాదు, ఇంటివారితోకూడ మ్రొక్కుటకే పోయితిని. కాని యా గుడి వాకిట నిలిచినప్పుడు మరియొక సంగతి స్ఫురింపక మానదు. ఈ వడ్డెమానే పూర్వపు వర్ధమానపురము. 13వ శతాబ్దమున కాకతీయ సామంతులైన గోనవారు ఏలిన పురము. తెలుగువారి యిండ్లలో తరతరములుగా పాడబడిన ద్విపద రామాయణము గోన బుద్ధారెడ్డి కృతి. దానికి రంగనాథ రామాయణమను పేరేల వచ్చెనను వాదమును పండితులకు విడిచెదము. మనిషి బ్రతుకు ఒక దశనుండి వేరొక దశకు దాటునప్పుడు త్రోవ చూపునది దైవమా, నడచువాని బుద్ధియా యను ప్రశ్నకు ఆ కావ్యమున నేమి సమాధానమున్నదో చూడవలెనని నాకు చాలకాలముగా కోరిక. నూనెగిన్నె చేతబట్టుకొని వచ్చువారికిని ఆ ప్రశ్నయే కదా!

ఈ కోరిక నాకు పుస్తకములవలన కలిగినది కాదు. ఇరువది యేండ్ల క్రిందట వనపర్తికి చేరువనున్న ఒక పల్లెలో మా బంధువుల యింట జరిగిన సంగతి చెప్పెదను. ఇంటి యాడపిల్ల ఇంటర్మీడియట్ ముగించినది. మంచి మార్కులు వచ్చినవి. హైదరాబాదు పోయి చదువుదునని యామె కోరిక. ఇంతలో రెండు సంబంధములు వచ్చినవి. ఇంటి పెద్ద, అనగా పిల్లకు పెదతండ్రి, తగవేల, దేవునికే విడుతమని రెండు కాగితపు ముక్కలపై రెండు ఊళ్ల పేర్లు వ్రాసి, మడచి, దేవుని పటము ముందు పెట్టెను. నాలుగేండ్ల పసివాడొకడు వచ్చి ఒక చీటీ తీసెను. "దేవుడే చెప్పిండు బిడ్డా, ఇగ మనదేముంది?" అని పిల్ల నాయనమ్మ కన్నులు తుడుచుకొన్నది. ఆ ముసలమ్మ మాటలో కపటము లేదు. ఆమె నిజముగనే నమ్మినది. పిల్ల మాత్రము ఒక్కసారి నోరు విప్పినది: "సదువుకుంటనని చీటి రాయలేదు గద, పెద్దనాయనా!" అందరును వినిరి. ఎవరును బదులు చెప్పలేదు. నేనును అచ్చట నుంటిని, నేనును చెప్పలేదు.

గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడువారైన సురవరం ప్రతాపరెడ్డిగారు, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారు, తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో (1949) మనకొక చదువు నేర్పిరి. కావ్యములను కేవలము రసము కొఱకే గాక, ఆ కాలపు జనులు ఎట్లు తినిరి, కట్టిరి, ఆడిరి, నమ్మిరి యని తెలిసికొనుటకును చదువవచ్చునని వారు చూపిరి. నేను చేయబోవునది దానికి కొంచెము భిన్నము. కావ్యమున ఎవరు నిర్ణయించిరి, ఎవరిని అడిగిరి, ఎవరిని అడుగలేదు అని చూచెదను. చీటీలు వ్రాసినవారెవరని అడిగెదననియే అనుకొనుడు.

రామాయణమున దశ మారు ఘట్టములలో మొదటిది అయోధ్యాకాండపు ఆ యొక్క రాత్రి. తెల్లవారిన పట్టము, తెల్లవారగా వనవాసము. ఇట్టి తారుమారునకు కారణమేమని ప్రతి రామాయణకర్తయు చెప్పుకొనవలసినదే. వాల్మీకి మంథరకు పూర్వకథ చెప్పలేదు. ఆమె మేడపైకెక్కి అలంకృతమైన పట్టణమును చూచినది, ఓర్వలేకపోయినది, దిగివచ్చి కైకను నిద్రలేపినది. కైక మొదట సంతోషించి ఆభరణము బహూకరించినది. పిదప మాటమీద మాట చేర్చి, సవతి భయము, కొడుకు భయము కలిగించి, మంథర ఆ మనసును ఎట్లు త్రిప్పినదో వాల్మీకి ఎంతో ఓపికతో చూపెను. ఒక యింట పెద్ద నిర్ణయములు ఎట్లు జరుగునో తెలిసినవారికి ఆ సర్గలు క్రొత్తగా తోపవు. అధ్యాత్మ రామాయణమున నిదంతయు మారిపోయినది. దేవతలు సరస్వతిని పంపగా ఆమె మొదట మంథరయందును, పిమ్మట కైకయందును ప్రవేశించినది. తులసీదాసును ఇంచుమించు ఆ త్రోవనే పోయెను. దానితో కైకకు దోషము తప్పినది. దోషముతోపాటు మనసును తప్పినది. ఆమె నోటినుండి వచ్చిన మాటలు ఆమెవి కావు. రాముడు అడవికి పోవలెనని స్వర్గమున ముందే నిశ్చయింపబడినది, మనుజులు బొమ్మలు.

ఇక మన ద్విపదకారుడు ఏమి చేసెను? మంథరకొక చిన్ననాటి పగ నిచ్చెను. రాముడు పసితనమున కోల, బంతి పట్టుకొని ఆడుచుండగా మంథర అడ్డము వచ్చినది. కోపముతో బాలుడామె కాలు విరుగగొట్టెను. ఈ సంగతి కైకమూలమున దశరథునికి తెలిసి, పిల్లలకు విద్య చెప్పింపవలెనని ఆయనకు తోచెను. ఏండ్లు గడచినవి. రాజు మరచెను, రాముడు మరచెను. కాలు విరిగినది మరువలేదు.

ఇది పామర కల్పనయని తీసివేయువారున్నారు. లోకోత్తరుడగు రాముని కథకు దాసి కాలు కారణమగునా యని వారి యాక్షేపణ. నాకు మాత్రము ఈ కల్పనయే ఈ కావ్యమున మిక్కిలి సాహసమైన దనిపించును. దేవుని యవతారమని తాను నమ్మిన రాముని చేతనే ఒక తప్పు చేయించి, ఆ తప్పునకు ఫలము ఆ రాముడే అనుభవింపవలసివచ్చెనని సూచించుటకు ధైర్యము కావలెను. అంతకంటెను ముఖ్యమైనది మరియొకటి. ఇంట పనిచేయు ఒక యాడుదాని దెబ్బను ఎవరును లెక్కింపరు. మందు వేయించిరో లేదో! బాలునికి గురువును కుదిర్చిరి. దాసికి న్యాయము జరిగినదో లేదో ఎవరును విచారింపరు. ఆ లెక్కింపని దెబ్బయే ఒకనాడు రాజ్యమును తలక్రిందులు చేసినదని చెప్పుటలో, సరస్వతీ ప్రవేశము చెప్పుటలో లేని నిజమున్నది. పాడిన స్త్రీలకును, విన్న పనివాండ్రకును ఇది తప్పక తెలిసియుండును. దశరథుని మరణమునందు వాల్మీకి చెప్పిన కారణమును ఇట్టిదే. శబ్దము విని బాణము వేసి మునికుమారుని చంపిన తన యౌవనపు తొందరపాటును రాజు చివరి రాత్రి కౌసల్యతో చెప్పుకొని యేడ్చెను. శాపము ముని యిచ్చినదే యైనను, బాణము వేసినది తానేయని యాయన మరువలేదు.

అయితే రాముడు స్వయముగా దైవమను మాట వాడలేదా? వాడెను. వాల్మీకి అయోధ్యాకాండ 22వ సర్గలో, భరతునితో సమానముగా నన్ను చూచిన తల్లి యిట్లు పలికినదన్న దైవము తప్ప వేరు కారణము కానరాదని లక్ష్మణునితో ననెను. మరుసటి సర్గలోనే లక్ష్మణుడు మండిపడెను. పౌరుషము లేనివారు పట్టుకొను ఊతకర్ర దైవమని, మదమెక్కిన యేనుగును మరలించినట్లు దైవమును మరలింతునని యాతని వాదము. మన సంస్కారవాదులలో అనేకులు ఇచ్చట లక్ష్మణుని పక్షము వహింతురు. నేనును చిన్నప్పుడు వహించితిని. ఇప్పుడు చదువగా, ఆ యన్నదమ్ముల వాదము మనము తలచినంత సులభమైనది కాదని తోచుచున్నది. రాముడు దైవమను మాటను తన భారము దించుకొనుటకు వాడలేదు. అడవికి పోవుట తన నిర్ణయమే. తండ్రి మాట నిలుపుట తన యిష్టమే. ఆ రెంటిని దైవముపై వేయలేదు. పినతల్లి దోషమును తగ్గించుటకు, తమ్ముని విల్లు దింపించుటకు మాత్రమే యా మాట వాడెను. ఎదుటివాని తప్పును క్షమించుటకు దైవమును తలచువాడు ఒకడు. తన తప్పును దాచుకొనుటకు తలచువాడు వేరొకడు. బాధపడుచున్న మూడవవానిని నోరు మూయించుటకు తలచువాడు ఇంకొకడు. మాట ఒక్కటే. అది ఎవరి నోట, ఎవరి యెదుట వచ్చినదో చూడక మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. మా బంధువుల యింటి చీటీ ఈ మూటిలో దేనికి చేరునో చదువరులకు చెప్పనక్కరలేదు.

ఇంతవరకు నేను బుద్ధారెడ్డిని మెచ్చుకొంటిని. ఇక మెచ్చుకొనలేని చోటికి వచ్చెదను. అడవిలో మొదటిరాత్రి సీతారాములు నిదురింప, లక్ష్మణుడు కావలియుండగా, నిద్రాదేవి ప్రత్యక్షమైనది. పదునాలుగేండ్లు తన్ను విడువుమని లక్ష్మణుడు వేడెను. మరి నీ భాగమెవరికి యని యామె యడుగగా, అయోధ్యలోని నా భార్య ఊర్మిళకు ఇమ్మనెను. ఎంత యందమైన కల్పన! పదునాలుగేండ్లు కంటికి రెప్ప వాల్పని తమ్ముడు; ఆతని నిద్రయంతయు తానే మోసిన భార్య. హరికథలలో ఈ ఘట్టము రాగానే సభయంతయు కన్నీరు పెట్టుకొనును. నేనును పెట్టుకొంటిని. కాని ఇంటికి వచ్చి ఆలోచింపగా ఒక సంగతి ముల్లువలె గ్రుచ్చినది. దేవత లక్ష్మణుని అడిగినది; లక్ష్మణుడు దేవతతో చెప్పెను. ఊర్మిళను ఎవరడిగిరి? ఆమె యౌవనము పదునాలుగేండ్లు ఇద్దరి సంభాషణలో తీరిపోయినది. మూడవ చీటీ వ్రాయబడలేదు. దైవానుగ్రహమను పేర ఒకరి సంకల్పము వేరొకరి బ్రతుకుపై పడుట యిదియే. కవి దీనిని గమనించెనా? గమనించినట్లు నాకు తోపదు. మంథర కాలినొప్పి కనిపెట్టిన కన్ను ఊర్మిళ మంచమును చూడలేదు.

ఆ లోటును తెలుగు స్త్రీలు తీర్చిరి. ఊర్మిళాదేవి నిద్ర యను పేర ఇండ్లలో పాడుకొనుచు వచ్చిన పాటలో, తిరిగివచ్చిన లక్ష్మణుడు దగ్గరకు రాగా, నిద్రమత్తులో పోల్చుకొనలేక, పరస్త్రీని తాకవచ్చిన వాడెవడని యామె గద్దించును. ఆ పాట కట్టినవారి పేరు మనకు దక్కలేదు. రోకటి దగ్గరనో, ఊయల దగ్గరనో పాడిన వారు పండితుల సభ యెక్కినవారు కారు. కాని యడుగకుండ నిద్రబుచ్చబడిన దానికి మేల్కొనగనే మొదట నోరిచ్చినవారు వారు. విమర్శ యనిన ఇంతకంటె నేమున్నది?

మరియొక ఘట్టము ఇంతకంటె బరువైనది. యుద్ధకాండమున ఇంద్రజిత్తు పడినపిదప, ఆతని భార్య సులోచన రాముని కడకు వచ్చి, భర్త శిరమును వేడి తీసికొనిపోయి, అగ్నిప్రవేశము చేయును. ఇదియు వాల్మీకమున లేనిదే. వైధవ్యమను దశ వచ్చినప్పుడు స్త్రీకి త్రోవ ఒక్కటే యని, ఆ త్రోవ ధర్మమే చూపినదని ఈ కథ విన్నవారికి తోచును. సహగమనమును 1829లో చట్టము నిషేధింపకముందు శతాబ్దములపాటు ఇట్టి కథలు విని పెరిగిన స్త్రీలు ఎంతమందియో! కవిత్వపు సొగసును కాదనను. సొగసైన కథయే యెక్కువ పని చేయును. అందుచేతనే యెక్కువ జాగ్రత్తతో చదువవలెను.

ఇచ్చట చరిత్ర మనకొక అపురూపమైన సాక్ష్యము నిచ్చినది. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక. మల్యాల గుండదండనాథుని భార్య. భర్త గతించెను. ఆమె చితి యెక్కలేదు. 1276లో, ఓరుగంటిని రుద్రమదేవి ఏలుచుండగా, నేడు మహబూబ్‌నగర్ జిల్లాలోని భూత్పూరుగా పిలువబడు బూదపురమున భర్తపేర గుండేశ్వరాలయమును నెలకొల్పి శాసనము వేయించెను. తొలి తెలుగు కవయిత్రి యని కొందరు పరిశోధకులు లెక్కించునది ఈమెనే. తండ్రి తాటియాకులపై సులోచనను అగ్నిలో దింపెను. కూతురు రాతిపై తన పేరు చెక్కించుకొని నిలిచెను. ఏది ముందో, ఏది వెనుకో లెక్కింపనక్కరలేదు. ఆ గుడిలో ఆమె కూడ దైవమును కొలిచినదే. భర్తకు పుణ్యము కోరినదే. భక్తికి లోటు రాలేదు; బ్రతుకునకును లోటు రాలేదు. వడ్డెమానునుండి భూత్పూరు ఎంతో దూరము కాదు. శని పూజకు పోవువారు ఆ త్రోవనే పోయి ఆ రాతిని చూచినచో నూనె వ్యర్థము కాదని నా మనవి.

ఇట్లు విమర్శించుట భక్తికి విఘాతమని పెద్దలు కొందరు నొచ్చుకొందురు. వారితో నాకు వైరము లేదు. దైవము దారి చూపదని నేననుట లేదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున, సమస్తము బోధించిన పిమ్మట కృష్ణుడు అర్జునునితో, నేను చెప్పినదంతయు బాగుగ విచారించి నీకెట్లు తోచునో అట్లు చేయుమని సెలవిచ్చెను. చెప్పవలసినది చెప్పి, తెలిసికొనుటకు కాలమిచ్చి, నిర్ణయమును అర్జునునికే విడిచెను. బోధ యొకనికి చేసి పని వేరొకనిపై వేయలేదు. గురువైనను, తండ్రియైనను, జ్యోతిష్కుడైనను ఈ కొలతకు నిలువవలెను. యోగవాసిష్ఠము ఇంకను ముందుకు పోయి, దైవమని మనము పిలుచునది మన పూర్వ పౌరుషమే గాని వేరొకటి కాదని వాదించినది. అదియు బ్రతుకుపై విరక్తి పుట్టి కూర్చున్న పదునారేండ్ల బాలునికి, అనగా రామునికి, వసిష్ఠుడు చెప్పిన మాట.

దైవపు పిలుపు ఎవరి వాకిట ఆగునో చూడుడు. మా పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో జోగినీ దురాచారము ఎంత లోతుగా పాతుకొన్నదో ఇచ్చటివారికి తెలియనిది కాదు. పిల్ల తలలో జడ కట్టినను, ఇంట జబ్బు తగిలినను, వానలు కురియకున్నను, ఎల్లమ్మ అడుగుచున్నదని చెప్పి పసిపిల్లను దేవతకు విడుచుదురు. విడిచిన పిల్ల దేవతకు దక్కదు. ఊరి పెద్దలకు దక్కును. ఆ పిలుపు దళితవాడలోని గుడిసెనే వెదకికొని పోవునేగాని పెద్దకులముల గడప ఎన్నడైన త్రొక్కినదా? వారి యిండ్ల పిల్లల తలలకు జడలు కట్టవా? 1988లో చట్టము దీనిని నిషేధించినది. మంచిదే. కాని చట్టమునకు మునుపే, ఏ కథకుడైనను, ఏ పురాణికుడైనను సభలో లేచి, ఈ పిల్లను అడిగితిరా యని ఒక్కమాట అనియుండవలసినది.

దైవము పేరిట జరిగిన మానవ నిర్ణయములు ఎప్పుడును ఇంటిలోనే, వాడలోనే జరుగునని యనుకొనరాదు. శ్రీశైలము జలాశయమునకు 1981 ప్రాంతమున ఇటు మా జిల్లాలోను, అటు కర్నూలు జిల్లాలోను సుమారు నూరు గ్రామములు ఖాళీ చేయబడినవి. కృష్ణాతుంగభద్రలు కూడుచోటనున్న కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి మరల కట్టిరి. చాల శ్రద్ధతో చేసిరి. ఆ గుడిని చూచినవారు మెచ్చుకొనక మానరు. ఊరు విడిచిన ముసలివారొకరిని నేను అడుగగా, అంతయు గంగమ్మ తల్లి లీల యనిరి. దేవుని యిల్లే యెచ్చట నుండవలెనో ఇంజనీర్లు, అధికారులు కూర్చుండి నిశ్చయించిన చోట, ఆయన యిల్లు పోయిన దానిని మాత్రము గంగమ్మపై వేసికొని యోర్చుకొనెను. ఆ యోర్పును నేను తప్పు పట్టలేను. దానిని ఆయన చేత చెప్పించినవారిని పట్టుదును.

మా బంధువుల యింటి పిల్ల సంగతి చెప్పవలసియున్నది. చీటీలో వచ్చిన ఊరికే కాపురమునకు పోయినది. చెడ్డ కాపురము కాదు, భర్త మంచివాడు. సుఖముగ నున్నావా యని నేనెప్పుడును అడుగలేదు. అడుగుటకు నాకు మొగము చెల్లలేదు. మొన్న పండుగకు గద్వాలలో కలిసినప్పుడు, ఈ వ్యాసము వ్రాయుచున్నానని చెప్పితిని. ఊర్మిళ సంగతి వినినది. నవ్వి, "నన్నయితే నిద్ర గూడ పోనియ్యలేదు, మామా" అన్నది. ఆమె కుమార్తె ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నది. పిల్లను ఏ చదువున చేర్పవలెనో దేవుని యడుగుదమని అత్తగారు మరల చీటీల ప్రసక్తి తెచ్చినారట. ఈమె కాదనలేదు. చీటీలు వ్రాయుట మాత్రము పిల్ల చేతికే ఇయ్యవలెనని, ఎన్ని కావలెనన్నను అన్ని వ్రాయనియ్యవలెనని పట్టుబట్టినది. ఆ మాట ఇంకను ఇంటిలో తేలలేదు.